కరెంటు తీగల్ని ఫ్రేములో ఉండనివ్వండి

ఏటా వానలు మొదలయ్యే రోజుల్లో నాకు ఫోన్లు వస్తాయి. "అక్టోబరులో జపాన్ ఫొటోగ్రఫీ టూర్ ఒకటి చూశాం, డబ్బు కట్టొచ్చా?" అని. వెంటనే వాట్సాప్‌లో బ్రోషర్ వచ్చి పడుతుంది. ఏ కంపెనీదైనా కాస్త అటూ ఇటూగా అదే వరస. పది పన్నెండు రోజులు, నాలుగైదు ఊళ్లు, తకయామాలో రథాలు, క్యోటోలో చారిత్రక ఊరేగింపు, కురామాలో కాగడాలు, ఆఖర్న కొండల్లో ఎర్రబడ్డ ఆకులు. ఎక్కడో ఒకచోట "ఆధునికత తాకని అసలైన జపాన్" అన్న మాట తప్పకుండా ఉంటుంది.

వెళ్లమనే చెప్తాను. గైడ్‌తో వెళ్లడమే మంచిదని కూడా చెప్తాను. నాకు పేచీ అంతా ఆ ఒక్క మాటతోనే. అది నమ్మి కెమెరా పట్టుకున్నవాళ్లు, వేల మైళ్లు వెళ్లి కూడా, పండగ ఎవరు చేస్తున్నారో చూడకుండా వచ్చేస్తారు. రథం లాగేది ఇవాళ్టి మనుషులు. వాళ్లకి కళ్లజోళ్లు ఉంటాయి, చేతికి గడియారాలు ఉంటాయి, నెత్తిమీద కరెంటు తీగలు ఉంటాయి, మలుపులో లాఠీలాంటి ఎర్రలైటు ఊపుతూ ట్రాఫిక్ చూసే మనిషి ఉంటాడు. వీటన్నిటినీ ఏరి పారేస్తూ తీసిన ఫొటోలు ఎంత అందంగా ఉన్నా, నా దృష్టిలో అవి పండగ ఫొటోలు కావు.

తకయామాలో సకురాయామా హచిమాన్ గుడి మెట్ల దగ్గర ఒక మధ్యాహ్నం చూసింది చెప్తాను. ఊరేగింపులో నడిచే పెద్దమనుషులు కమిషిమో వేసుకుంటారు. భుజాల దగ్గర రెక్కల్లా గట్టిగా నిలబడే దుస్తులవి, సమురాయ్‌ల కాలంనాటి మర్యాద దుస్తులు. డెబ్బై దాటిన ఒకాయన ఆ వేషంలో, నెత్తిన గడ్డి టోపీతో, తన వంతు కోసం నిలబడి ఉన్నాడు. మా పక్కనున్న ఒక గుంపు టూర్ లీడర్ ఆయన దగ్గరికెళ్లి, దుబాసీ చేత అడిగించి, కళ్లజోడు తీయించాడు. పెద్దాయన నవ్వుతూనే తీసి చేత్తో పట్టుకున్నాడు. కెమెరాలు టపటపా మోగాయి. ఈలోగా ఊరేగింపు కదిలింది. కళ్లజోడు మళ్లీ పెట్టుకునే వ్యవధి లేదు, మెట్టు ఎక్కడుందో ఆయనకి ఆనలేదు. వెనకాల గంట వాయిస్తున్న పన్నెండేళ్ల కుర్రాడు గబుక్కున వచ్చి ఆయన మోచెయ్యి పట్టుకుని రెండు మెట్లు దింపాడు. అప్పటికి ఆ గుంపు కెమెరాలన్నీ కిందికి దిగిపోయాయి. "మంచి పోర్ట్రెయిట్ దొరికింది" అని మాట్లాడుకుంటున్నారు.

మన విజయనగరంలో సిరిమాను మీద కూర్చోబోతున్న పూజారి దగ్గరికి ఎవరైనా పరాయి దేశస్థుడు వచ్చి, "ఆ వాచీ తీసెయ్, పాతకాలంలా కనబడాలి" అంటే మనకి ఎలా ఉంటుంది? ఆ క్షణంలో ఆయన ఎవరికి మొక్కుతున్నాడో, ఏం బరువు మోస్తున్నాడో అడిగినవాడికి పట్టలేదని తెలిసిపోతుంది కదా.

ఈ అలవాటుకి నూట అరవై ఏళ్లు దాటాయి. ఫెలిచే బియాటో అనే ఫొటోగ్రాఫర్ 1863లో యోకొహామాలో దిగాడు. మన దేశానికి కూడా తెలిసిన మనిషే. 1858లో, సిపాయిల తిరుగుబాటును అణిచేశాక, లక్నో వచ్చి శిథిలాల్ని ఫొటోలు తీశాడు. సికందర్ బాగ్ ముంగిట ఎముకలు చెల్లాచెదురుగా పడి ఉన్న ఫొటో ఆయనదే. ఆ ఎముకల్ని ఫొటో కోసమే అలా పరిపించాడని చరిత్రకారులు చాలామంది అంటారు. అలాంటి మనిషి జపాన్‌లో స్టూడియో పెట్టాడు. ఒప్పందాల ప్రకారం విదేశీయులు రేవు పట్నం నుంచి సుమారు నలభై కిలోమీటర్లు దాటి వెళ్లకూడదు. అప్పటి గాజు పలకల మీద ఫొటో పడాలంటే ఎదుటి మనిషి కొన్ని సెకన్లు కదలకుండా ఉండాలి. అందుకని ఫొటోగ్రాఫర్లు స్టూడియోలోకే మనుషుల్ని పిలిపించుకుని సమురాయ్‌లా, పల్లకీ బోయీలా, సింగారించుకుంటున్న యువతిలా కూర్చోబెట్టారు. నలుపు తెలుపు ప్రింట్ల మీద స్థానిక చిత్రకారులు ఎంతో నేర్పుగా రంగులు వేసేవారు. లక్క అట్టల ఆల్బంలు కట్టి, ఓడ ఎక్కబోయే విదేశీయులకి అమ్మేవారు.

1876లో జపాన్ ప్రభుత్వం బయట కత్తి ధరించడాన్ని నిషేధించింది. సమురాయ్ అనే వర్గమే కనుమరుగైపోయింది. రైలు వచ్చింది, తంతి వచ్చింది. స్టూడియోల్లో మాత్రం కవచం తొడిగిన సమురాయ్ ఫొటోలు ఆ తర్వాత కూడా తయారవుతూనే ఉన్నాయి. కొనేవాళ్లకి అవే కావాలి కాబట్టి. ఇవాళ మనం "అసలైన జపాన్" అని టక్కున ఊహించుకునే బొమ్మ చాలామటుకు ఆ ఆల్బంల దగ్గర మొదలైంది. తీగలు లేని వీధి, కళ్లజోడు లేని పెద్దాయన, గొడుగు పట్టుకుని ఒంటరిగా నడిచే గైషా. మొన్న ఆ గుడి మెట్ల దగ్గర జరిగింది కూడా స్టూడియో పనే, పైకప్పు లేదంతే.

సరే, మరి అక్కడ చూడాల్సింది ఏమిటి? తకయామానే తీసుకుందాం. శరత్కాలపు పండగ ఏటా అక్టోబరు 9, 10 తేదీల్లో జరుగుతుంది. తారీఖు మారదు, వారం ఏదైనా సరే. మొత్తం పదకొండు రథాలు. ఒక్కో రథం ఒక్కో వాడది. ఆ వాడలోని ఇళ్లవాళ్లే దాన్ని కాపాడాలి, మరమ్మతు చేయించాలి, లాగాలి. ఊళ్లో తిరుగుతుంటే మామూలు ఇళ్ల మధ్య హఠాత్తుగా చాలా పొడవాటి తలుపులతో, మందపాటి గోడలతో ఒక కట్టడం కనిపిస్తుంది. రథాన్ని దాచే కొట్టు అది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఆ తలుపులు మూసే ఉంటాయి.

హిదా అనే ఈ ప్రాంతం వడ్రంగానికి ఎప్పటినుంచో పేరుమోసింది. ఎనిమిదో శతాబ్దంలో హిదా సీమవాళ్లు పన్నుకి బదులుగా వడ్రంగుల్ని రాజధానికి పంపేవారు. ఆ పనితనం రథాల చెక్కడాల్లో కనిపిస్తుంది. లక్క పూత, బంగారు రేకు, జరీ తెరలు. వాటి మీద వాన చుక్క పడకూడదు. చినుకు పడితే రథాలు కొట్టులోంచి బయటికి రావు, వచ్చినవి కూడా వెనక్కి వెళ్లిపోతాయి. అంచేత 9వ తేదీ పొద్దున వాడలో ప్రతి మనిషీ ఆకాశం కేసి చూస్తుంటాడు, ఒక కన్ను ఫోన్‌లోని రాడార్ మ్యాప్ మీద వేసి. కొట్టు తలుపు ముందు నలుగురు పెద్దలు ఒకే ఫోన్ మీద తలలు వంచి, రథం తీయాలా వద్దా అని తేల్చుకుంటున్న దృశ్యం నాకు రథం కంటే ఎక్కువ నచ్చింది. మూడు వందల ఏళ్ల కిందటి తాతలు కూడా ఇదే టెన్షన్‌తో ఇదే ఆకాశాన్ని చూసి ఉంటారు. ఫోన్ ఉంది కదా అని ఆ ఫొటో తీయకుండా వదిలేస్తే ఎలా?

రథం మలుపు తిరిగే చోట నిలబడండి. పెద్ద చక్రాలు నాలుగూ నేరుగా వెళ్లడానికే పనికొస్తాయి. మలుపు వచ్చినప్పుడు రథం ఒక పక్కని మీటలతో ఎత్తి, కింద దాచిన మరో చిన్న చక్రాన్ని దింపి, దాని మీద మొత్తం బరువుని తిప్పుతారు. ఆ రెండు నిమిషాలు ఎవరూ పెద్దగా మాట్లాడరు. చెక్క కిర్రుమంటుంది. ఒకతను నేల మీద బోర్లా పడుకుని చక్రం కింద చూస్తూ చెయ్యి ఎత్తుతాడు, మిగతావాళ్లు ఆ చేతి కోసమే ఆగుతారు. పైన కరెంటు తీగలు. రథం కొనకీ తీగకీ మధ్య ఎంత దూరం ఉందో చూడడానికే ఒక మనిషి తల పైకెత్తి నిలబడతాడు. ఇప్పుడు చెప్పండి, ఆ తీగని ఫ్రేములోంచి తీసేస్తే ఆయన ఎందుకు పైకి చూస్తున్నాడో ఫొటో చూసేవాడికి అర్థమవుతుందా?

హోతెయ్‌తాయ్ అనే రథం మీద బొమ్మలాట ఉంటుంది. ఇద్దరు పిల్లల బొమ్మలు ఉయ్యాల నుంచి ఉయ్యాలకి దూకుతూ వచ్చి, బొజ్జ హోతెయ్ దేవుడి భుజాల మీద వాలతాయి. రథం లోపల దాక్కున్న మనుషులు 36 తాళ్లు లాగుతూ ఆ దూకుడు చూపిస్తారు. అందరి లెన్సులూ బొమ్మల మీదే, అది సహజమే. ఆట అయ్యాక గుంపు పల్చబడుతుంది. అప్పుడు లోపలివాళ్లు చెమటలు తుడుచుకుంటూ ఒక్కొక్కరే కిందికి దిగుతారు. దిగినవాళ్లు ఒకరి భుజం ఒకరు తట్టుకుంటారు. ఆ ముఖాల్లో ఉన్న తేలిక బొమ్మల ముఖాల్లో ఉండదు.

9వ తేదీ రాత్రి ఒక్కో రథానికి సుమారు వంద లాంతర్లు కట్టి ఊరేగిస్తారు. అప్పుడు అక్కడ అయిదున్నర లోపే పొద్దుగూకుతుంది. టెక్నిక్ గురించి చెప్పాల్సింది కొంచెమే. ఫ్లాష్ వద్దు, లాంతరు వెలుగు చచ్చిపోతుంది. ఐఎస్ఓ (వెలుతురుని పట్టుకునే కెమెరా శక్తి) 6400కి పెంచడానికి భయపడకండి. లాంతరు వెలుగుకి ఎక్స్‌పోజర్ పెట్టి, మనుషులు ఆ వెలుగులోకి వచ్చేదాకా ఆగండి. దూరాన్ని దగ్గరకి లాగే 70-200 టెలి లెన్స్ సంచిలో పెట్టేసి, వెడల్పుగా చూసే 35 లెన్స్ తగిలించండి. టెలి లెన్స్‌తో పరిసరాల్ని కత్తిరించెయ్యడం తేలిక, అందుకే మనకి ఆ అలవాటు అంత తొందరగా పట్టుకుంటుంది. 35తో తీయాలంటే మనిషికి దగ్గరగా వెళ్లాలి. దగ్గరికి వెళ్తే నమస్కారం పెట్టాలి, తీయొచ్చా అని అడగాలి. (శాకాహారులకి ఒక మాట: ఆ వీధిలో కాల్చి అమ్మే మితరాషి దంగో సోయా సాస్ పూసిన బియ్యప్పిండి ఉండలు. మన నోటికి బాగానే ఉంటాయి.)

పాతది, పవిత్రమైనది, మార్పు లేనిది అన్న ఊహకి క్యోటోలో గట్టి దెబ్బ తగులుతుంది. అక్టోబరు 22న జరిగే జిదాయ్ మత్సురి, అంటే రకరకాల యుగాల వేషాలతో దాదాపు రెండు వేల మంది నడిచే ఊరేగింపు, బ్రోషర్లలో "పురాతన ఉత్సవం" అని రాసి ఉంటుంది. అది మొదలైంది 1895లో. క్యోటో రాజధానిగా ఏర్పడి 1,100 ఏళ్లయిన సందర్భంగా హెయాన్ గుడి కట్టారు, దానితోపాటే ఈ ఊరేగింపు. చక్రవర్తి టోక్యోకి తరలిపోయాక దిగాలుపడ్డ ఊరు, తన చరిత్రనంతా వీధిలో నడిపించి మళ్లీ తలెత్తుకుంది. ఊరేగింపు మెయిజీ కాలంతో, అంటే పంతొమ్మిదో శతాబ్దంతో మొదలై వెనక్కి, ఎనిమిదో శతాబ్దం దాకా నడుస్తుంది. మహిళల బృందాలు చేరింది 1950లో. ఇదంతా తెలిసినా నాకు ఆ పండగ మీద గౌరవం తగ్గలేదు, పెరిగింది. సంప్రదాయం ఆకాశంలోంచి ఊడిపడలేదు. ఊరివాళ్లు కూర్చుని, అవసరం కొద్దీ, చేసుకున్నారు. అలాంటి ఊరేగింపుని తీస్తూ వెనకనున్న బస్టాపునీ ఆఫీసు భవనాల్నీ చెరిపేస్తే, ఆ ఊరు చేసిన పని విలువే పోతుంది. ఇన్నేళ్ల చరిత్ర ఇవాళ్టి తారు రోడ్డు మీద నడుస్తోందన్నదే కదా అసలు విశేషం.

అదే రోజు రాత్రి కురామా. చాలా టూర్లు రెండిటినీ ఒకే రోజులో ఇరికిస్తాయి. 940లో యుకి దేవతని రాజప్రాసాదం నుంచి ఈ కొండ పల్లెకి తరలించినప్పుడు ఊరివాళ్లు దారిపొడుగునా మంటలు వెలిగించి స్వాగతం చెప్పారట, ఆ జ్ఞాపకమే ఈ కాగడాల పండగ. వీధి చాలా ఇరుకు. పోలీసులు ఎక్కడా ఆగనివ్వరు, ఒకవైపుకే నడిపిస్తారు. పెద్ద పెద్ద కాగడాలు భుజాన మోస్తూ "సాయ్‌రేయా, సాయ్‌ర్యో" అని అరుస్తూ వెళ్లేవాళ్లని అందరూ తీస్తారు. నిప్పు కళ్ల ముందు ఉంటే ఇంకోవైపు చూడడం ఎవరికైనా కష్టం. కానీ కాసేపయ్యాక దేవుడి పల్లకీ నిటారైన మెట్ల మీంచి దిగుతుంది. అది జారిపోకుండా దాని వెనక కట్టిన తాళ్లని ఊరి ఆడవాళ్లు పట్టుకుని వెనక్కి లాగుతుంటారు. ఆ తాడు పట్టుకుంటే సుఖప్రసవం అవుతుందని నమ్మకం. కాళ్లు నేలకి తన్నిపెట్టి, ఒళ్లు మొత్తం వెనక్కి వంచి, కేకలూ నవ్వులూ కలిసిపోయి. టూర్ బ్రోషర్లలో ఆ తాడు పట్టుకున్న ఆడవాళ్ల ఫొటో నాకు ఇంతవరకూ కనబడలేదు.

మిత్రులు నాతో వాదిస్తారు. లక్షలు పోసి వెళ్తున్నాం, గోడకి పెట్టుకునే అందమైన ఫొటో కావాలనుకోవడం తప్పా? తప్పు లేదు. మేపుల్ చెట్టు కింద నాచు పట్టిన రాతి దీపం ఫొటో తీసుకోండి, నేనూ తీస్తాను. (క్యోటోలో ఆకులు బాగా ఎర్రబడేది నవంబరు రెండో సగంలో. అక్టోబరు 22 ఊరేగింపు పక్కనే క్యోటో ఎర్ర ఆకుల బొమ్మ వేసిన బ్రోషర్ ఏదైనా వస్తే జాగ్రత్త.) చెట్టుకి అభ్యంతరం ఉండదు. మనిషి దగ్గరే చిక్కు. మనం గోడకి తగిలించుకునేది ఒక మనిషి ముఖమైతే, ఆ మనిషి మన ఊహకి తగ్గట్టు మారాలని కోరే హక్కు మనకి లేదు.

కోరుతూ పోతే ఏమవుతుందో జపాన్‌లో ఇప్పటికే కనిపిస్తోంది. క్యోటోలోని గియోన్ పేటలో పనికి వెళ్లే గైకోలనీ (గైషాలకి అక్కడి పేరు), ఇంకా నేర్చుకుంటున్న మైకోలనీ వెంటపడి, దారికి అడ్డంపడి ఫొటోలు తీయడం మితిమీరి, 2019లో అక్కడి ప్రైవేటు సందుల్లో ఫొటోలు తీయొద్దని, తీస్తే 10,000 యెన్లు కట్టాలని బోర్డులు పెట్టారు. 2024లో ఆ సందుల్లోకి పర్యాటకులు రాకూడదనే దాకా వెళ్లింది. తోఫుకుజి గుడిలో ఆకులు ఎర్రబడే రోజుల్లో వంతెన మీద ఫొటోలు 2016లోనే ఆపేశారు, జనం ఆగిపోయి తొక్కిసలాట అవుతుందేమోనని. 2024లో జపాన్‌కి 3 కోట్ల 68 లక్షల మందికి పైగా విదేశీయులు వచ్చారు. అందరి మనసులోనూ ఒకే బొమ్మ ఉంటే అందరూ ఒకే సందులో నిలబడతారు. నవంబరులో షిచి-గో-సాన్ అనే పిల్లల వేడుక కోసం గుళ్లకి వచ్చే మూడు, అయిదు, ఏడేళ్ల పిల్లల చుట్టూ లెన్సులు మూగడం చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. బుల్లి కిమోనో ఎంత ముద్దొచ్చినా, ముందు వాళ్ల అమ్మనో నాన్ననో అడగాలి. వద్దంటే నవ్వి పక్కకి తప్పుకోవాలి.

గైడ్ విలువ నాకు ఇక్కడే కనిపిస్తుంది. ఫలానా గంటకి ఫలానా మూల నిలబడితే మంచి వెలుతురు అని చెప్పడానికి యాప్‌లు ఉన్నాయి. వాడ పెద్దకి మనల్ని పరిచయం చేసి, "వీళ్లు పొద్దున్నుంచి ఇక్కడే ఉంటారు, అడ్డం రారు" అని మన తరఫున మాట ఇవ్వగలిగిన మనిషి యాప్‌లో దొరకడు. ఆ పరిచయం దొరికితే ముందురోజు సన్నాహాలు చూడొచ్చు, పండగ మర్నాడు లాంతర్లు విప్పి లెక్కపెట్టడం చూడొచ్చు. నా దృష్టిలో పది రోజుల్లో అయిదు పండగలు తిప్పే టూర్ కంటే, ఒక్క ఊళ్లో 8వ తేదీ నుంచి 11 దాకా కూర్చోబెట్టే టూర్ ఎన్నో రెట్లు మేలు.

ఇంతగా పట్టుబట్టడానికి ఇంకో కారణం ఉంది. ఈ పండగలు ఎప్పటికీ ఇలాగే ఉంటాయన్న భరోసా లేదు. ఇవాతే రాష్ట్రంలోని ఒషూలో కొకుసెకిజి గుడిలో వెయ్యేళ్లకి పైగా చరిత్ర ఉన్న సోమిన్‌సాయ్ ఉత్సవం 2024 ఫిబ్రవరిలో ఆఖరిసారి జరిగింది. పెద్దవాళ్లు ముసలివాళ్లయిపోయారు, ఆ భారం అందుకునేవాళ్లు చాలలేదు. చూడడానికి జనం కొరత మాత్రం లేదు. ఇలాంటి ఊళ్ల నుంచి రేపు మనకి మిగిలే ఫొటోల్లో ఎవరుండాలి? కళ్లజోడు పెట్టుకున్న ఆ తరం పెద్దలు, సెలవు పెట్టి టోక్యో నుంచి వచ్చిన మనవలు, పల్లకీకి సాయం పట్టే కాలేజీ పిల్లలు, చందా ఇచ్చినవాళ్ల పేర్లు రాసి గుడి దగ్గర వేలాడదీసిన పలకలు. తకయామా రథాల పండగతో కలిపి 33 ఊళ్ల రథోత్సవాల్ని యునెస్కో 2016లో గుర్తించింది. ఆ గుర్తింపు వీళ్లందరూ కలిసి చేసే పనికి.

కాబట్టి ఈసారి బ్రోషర్ పంపేవాళ్లకి నా జవాబు ఇది. డబ్బు కట్టేముందు టూర్‌వాళ్లని కొన్ని సంగతులు అడగండి. ఒక్కో పండగ దగ్గర ఎన్ని రాత్రులు ఉంటాం? గుంపులో ఎంతమంది? ఆరేడుగురు దాటితే ఏ వాడలోనూ ఇమడలేం. గైడ్‌కి ఆ ఊరివాళ్లతో పరిచయం ఉందా, లేక మనలాగే ఆ రోజు రైలు దిగుతాడా? ఫొటోల కోసం ఎవరినైనా ప్రత్యేకంగా నిలబెడతారా? నిలబెడతామంటే ఆ టూర్ వదిలెయ్యండి. వాన పడి రథాలు బయటికి రాకపోతే ఏం చేస్తారు? "కొట్టుల తలుపులు తీసి ఉంచుతారు, లోపల కూర్చున్న వాడవాళ్లతో గడుపుదాం" అన్నవాళ్లని నమ్మొచ్చు. తకయామాలో ఆ రెండు రాత్రులకి గదులు నెలల ముందే అయిపోతాయి. దొరక్కపోతే రైల్లో కాస్త దూరంలో ఉన్న హిదా-ఫురుకావాలో దిగొచ్చు, ప్రశాంతమైన ఊరు. అన్నిటికంటే ముఖ్యంగా, తీసిన ఫొటోల ప్రింట్లు ఆ వాడవాళ్లకి తిరిగి అందే ఏర్పాటు ఉందా అని అడగండి. లేకపోతే గైడ్ దగ్గర చిరునామా తీసుకుని మీరే పోస్టు చెయ్యండి, మోచెయ్యి పట్టుకుని నడిపించే కుర్రాళ్ల ఫొటోలతో సహా.